కొండెక్కిన మైకు సెట్టు: మనం వినడం నేర్చుకున్న కథ

పోస్టు కొంచెం పెద్దది. భోజనం చేసి తీరిగ్గా చదవండి.

దసరా సెలవులకి మా ఊరు వెళ్లినప్పుడు సామాజిక భవనం అటక మీద ఒక పాత మైకు సెట్టు కనిపించింది. ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె, రెండు బూరలు, అందులో ఒకటి అంచు సొట్టపోయింది. ఎలకలు కొరికేసిన మైకు వైరు కూడా ఉంది. పెట్టె మూత తీస్తే లోపల గాజు దీపాల్లాంటివి నాలుగు వరసగా ఉన్నాయి. మేము అయిదుగురం. ముగ్గురు సవరలు, ఇద్దరు జాతాపులు, అందరం ఒకే హాస్టల్. మాలో ఒకడు ఫిజిక్స్ చదువుతున్నాడు కాబట్టి అవి వాల్వులని చెప్పేడు. మిగతా నలుగురం ఆర్ట్స్ వాళ్లం. మాకు తెలిసింది బరువు మోయడమే, మోసేం.

ఊళ్లో పెద్దోళ్లని అడిగితే కథ ఇలా వచ్చింది. అంతకుముందు పండక్కి మైకు కావాలంటే పట్నం నుంచి అద్దెకి తెచ్చేవారు. రోడ్డు లేదు. కావిడికి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క బూరలు కట్టుకుని కొండెక్కేవారు. బ్యాటరీ నీరు ఒలికి ఒకాయన పంచె కాలిపోయిందంట, ఇప్పటికీ నవ్వుకుంటారు. ఊరికి కరెంటు వచ్చేసరికి పట్నంలో ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చేసేయి. వాల్వుల సెట్టు బరువు, వేడి, అద్దెకి ఎవరూ అడగట్లేదు. అలా వదిలించుకోవాలనుకున్న సెట్టుని మన వాళ్లు చింతపండు అమ్మిన డబ్బులు పోగేసి కొన్నారు. ఆ రోజుల్లో ఇల్లిల్లూ చందా వేసి కొన్న మొదటి యంత్రం అదే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. గాజు బుడ్డిలో గాలి తీసేసి, చిన్న సంకేతాన్ని పెద్దది చేసే వాల్వుని అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో తయారుచేశాడు. 1915లో జెన్సన్, ప్రిధమ్ అనే ఇద్దరు శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం మధ్య లౌడ్‌స్పీకర్ పెట్టి వినిపించారు. మన దేశంలో 1930లలో కాంగ్రెస్ సభలకు మైకులు పెట్టింది ‘చికాగో రేడియో’ అన్న పేరుతో వ్యాపారం చేసిన మోత్వానీ వాళ్లు. పేరు చికాగో, మనుషులు సింధు వాళ్లు! ఢిల్లీలో అహూజా కంపెనీ 1940లో మొదలైంది. మన ఊళ్లలో ఏ బూర మీద చూసినా కనిపించేది ఆ పేరే. చిన్నప్పుడు మేము అహూజా అంటే బూరకి ఇంకో పేరనుకునేవాళ్లం.

స్వాతంత్య్రం వచ్చాక పల్లెలకి పంచాయతీ రేడియోలు వచ్చేయి. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. రేడియో తర్వాత గ్రామఫోను రికార్డులు, తర్వాత క్యాసెట్లు. పండగైనా పెళ్లైనా తెల్లారేసరికి బూరలోంచి ఘంటసాల, సుశీల. ఒక చిత్రం చూడండి. ఘంటసాల సంగీతం నేర్చుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన ఆ కాలేజీకి మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. సుశీల పుట్టింది విజయనగరంలోనే, 1935లో. అంటే మన కొండ కింద పెరిగిన గొంతులే మద్రాసు వెళ్లి, రికార్డులెక్కి, బూరలోంచి మళ్లీ మన కొండ మీదకి వచ్చేయి. అంత చుట్టు తిరిగి వచ్చిన గొంతుని ఊరంతా కళ్లం దగ్గర కూర్చుని వినేది.

బూర కొండల్లో అంత దూరం ఎందుకు వినిపిస్తాదో మా ఫిజిక్స్ వాడు వివరించేడు. లోపల యూనిట్లో చిన్న పొర ఉంటుంది. అది కదిపిన గాలిని బూర మెల్లమెల్లగా వెడల్పు చేసి బయటికి వదులుతుంది. మనం అరచేతులు నోటికి అడ్డం పెట్టి అవతలి కొండకి కేకేస్తామే, అదే లెక్క. మామూలు స్పీకరు కంటే ఇది చాలా తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం చేస్తుంది. కాకపోతే లోతు శబ్దాలు, అంటే డప్పు దెబ్బలోని గుండె, ఇందులో రావు. మనిషి మాట పలికే మధ్య శబ్దాలు మాత్రం ఖణీమని వస్తాయి. డీజే బాక్సులు దీనికి పూర్తిగా తిరగబడ్డ సామాను. వాటిలో పొట్ట అదురుతుంది, మాట అర్థం కాదు. పైగా వేల వాట్లు, జనరేటరు, దాన్ని ఎక్కించడానికి ట్రాక్టరు.

ఈ ముక్క రాస్తున్నప్పుడు మేము గొప్ప సంబరంలో ఉన్నాం. పాత మైకు సెట్టు గొప్పది, డీజే పాడుచేసింది అని పోస్టు పెట్టేద్దామనుకున్నాం. ఊళ్లో ఎజ్జోడు తాత మా గాలి తీసేశారు. బూరలు దింపుతుంటే చూసి, “ఓరి గుంటల్లారా, దీని కోసం ఏడుస్తున్నారేటి? ఆ బూర కొండెక్కినాకే మా తుడుం గొంతు పడిపోనాది. ఇప్పుడు డీజే వచ్చి బూరని అటకెక్కించినాదని మీరు ఏడుస్తున్నారు. మేం ముందే ఏడిసేసినాం” అన్నారు.

ఆ రాత్రి మేము చాలా సేపు మాట్లాడుకోలేదు. ఆయన చెప్పింది నిజం. అంతకుముందు పండగంటే అందరూ వాయించేవాళ్లు, అందరూ ఆడేవాళ్లు. మైకు సెట్టు వచ్చాక ఒకడు సూది పెడతాడు, మిగతా వాళ్లం వింటాం. మన కొండ మీద మనల్ని మొదట శ్రోతలుగా కూర్చోబెట్టిన యంత్రం ఇదే. ఇంకో సంగతి కూడా తర్వాత తట్టింది. ఆ పెట్టెకి రెండు కన్నాలున్నాయి. ఒకటి రికార్డుకి, ఒకటి మైకుకి. మైకు కన్నంలోంచి ఊళ్లో వినపడ్డవి ఏటి? ఎన్నికల ప్రచారం, ఆఫీసర్ల మీటింగు, చందాలు రాయించిన వాళ్ల పేర్లు. అన్నీ తెలుగులోనే. మా పెద్దోళ్లు ఎవరిని అడిగినా, అందులో సవర మాట వినిపించినట్టు గుర్తు లేదన్నారు. ఎవరూ వద్దనలేదు. మైకు పట్టుకుంటే తెలుగే మాట్లాడాలని మనమే అనుకున్నాం. ఇప్పటికీ కాలేజీ స్టేజీ మీద మేము చేసేది అదే.

మన భాషని చెవి పెట్టి విన్నవాడు లేడా అంటే, ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, తర్వాత నిఘంటువు వచ్చింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినం అని ఆయన ఫొటోకి దండ వేస్తారు. సవర సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ మందు వాడి ఆయన చెవులు పోగొట్టుకున్నారు. మన మాట వినడానికి వచ్చి వినికిడి పోగొట్టుకున్నారు. అప్పటికి ఈ కొండలకి మైకూ లేదు, టేపూ లేదు.

మైకు లేకుండానే జనాన్ని కదిపిన వాళ్లూ ఇక్కడే ఉన్నారు. 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్న కోరన్న, మంగన్నలని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత సాగిన పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఊరూరా తిరిగారు, 1969 డిసెంబరులో చంపబడ్డారు. జముకుకి కరెంటు అక్కర్లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు కూడా కాళ్లకి గజ్జెలు కట్టి ఆడుతూ పాడినవారే. 2020 ఆగస్టులో ఆయన పోయిన రోజు హాస్టళ్లు మూసి ఉన్నాయి, కరోనా. ఫోన్లలోనే పాటలు విన్నాం.

సరే, సెట్టు దగ్గరికి వద్దాం. పట్నంలో పాత రేడియోలు బాగుచేసే మేస్త్రీ గారి దగ్గరికి మోసుకెళ్లేం. ఆయన మొదట చెప్పిన మాట: నేరుగా ప్లగ్గు పెట్టకండి. ఏళ్ల తరబడి వాడని పెట్టెలో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, పేలిపోతాయి. సిరీస్‌లో బల్బు పెట్టి మెల్లగా కరెంటు ఇవ్వాలి. లోపల మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకేసినా కండెన్సర్లో నిలవ ఉంటుంది. ఇది మాలో ఒకడు చెయ్యి పెట్టి తెలుసుకున్నాడు. మోచేయి దాకా తిమ్మిరెక్కింది, పూట అన్నం కలపలేకపోయాడు. దయచేసి మీరెవరూ అలా చెయ్యకండి. ఒక వాల్వు పైన వెండి పూత తెల్లగా మారిపోయింది. అంటే లోపలికి గాలి వెళ్లిపోయింది, అది ఇక పనికిరాదు. మిగతా మూడూ బతికే ఉన్నాయి.

అప్పుడు మేస్త్రీ గారు ఇంకో మాట అన్నారు. “సెట్టు ఎందుకురా, ఆ దీపాలు అమ్మేయండి. గిటారు వాళ్లు కొనుక్కుంటారు.” మేము నమ్మలేదు కానీ నిజమే. లండన్‌లో జిమ్ మార్షల్ 1960లలో మొదలుపెట్టిన గిటారు యాంప్లిఫయర్ల నుంచి ఇప్పటిదాకా రాక్ సంగీతం వాళ్లకి వాల్వు అంటే పిచ్చి. వాల్వుని దాని శక్తికి మించి మోగిస్తే శబ్దం మెత్తగా చిరుగుతుంది, ఆ చిరుగే వాళ్లకి కావాలి. మార్షల్ సెట్లలో పేరుమోసిన ఈఎల్ 34 లాంటి వాల్వులే అప్పటి సభల మైకు సెట్లలోనూ వాడేవారు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు చేసిన వాల్వులకి ఇప్పుడు విదేశాల్లో గిరాకీ ఉంది. ఇప్పుడు కొత్తవి రష్యా, చైనా, స్లొవేకియాల్లో తయారవుతున్నాయి.

మాలో ఇద్దరు అమ్మేద్దామన్నారు. పరీక్ష ఫీజు కట్టాల్సిన వాళ్లు వాళ్లు, తప్పు పట్టలేం. గొడవ పడ్డాం. చివరికి ఇది ఊరు కొన్న వస్తువు, ఊరినే అడుగుదాం అనుకున్నాం. ఊరు అమ్మొద్దంది. ఫీజుకి మేమే చందాలు వేసుకున్నాం. మేస్త్రీ గారు ఎక్కడో పాత వాల్వు వెతికి పెట్టి, కొత్త మైకుకి మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు కలిపి, కూలి సగమే తీసుకున్నారు.

మొన్న కంది కొత్తల పండక్కి బూర మళ్లీ చింత చెట్టెక్కింది. పాటలు పెట్టలేదు. ముందు తుడుం, డప్పులు, ఆట. బూర ఆపేసి ఉంచాం, ఎజ్జోడు తాత షరతు అది. ఆట అయ్యాక మైకు ఒక అవ్వ చేతిలో పెట్టేం. చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. గుయ్‌మని శబ్దం ఒక్కటే. మేము తెలుగులో “మాట్లాడవే అవ్వా” అంటే మా వైపు విసుగ్గా చూసి, అవతలి కొండ మీద గూడలో కాపురం ఉన్న తన చెల్లెల్ని పేరు పెట్టి సవరలో పిలిచింది. మోకాలు నొప్పి తగ్గిందా, కొత్త కందులు వండుకున్నావా, నన్ను చూడ్డానికి ఎందుకు రాలేదు, చచ్చిపోయాక వస్తావా అని ఊరంతా వినేలా తిట్టింది. జనం పడి పడి నవ్వేరు. కాసేపటికి అవతలి కొండ మీంచి తుడుం మోగింది.

పది లోపే ఆపేశాం, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు పెట్టకూడదని 2000 నాటి రూల్స్ ఉన్నాయి కదా.

మీ ఊళ్లో, మీ ఆశ్రమ పాఠశాల స్టోర్ రూంలో ఇలాంటి పాత పెట్టెలుంటే పాత ఇనప సామాన్ల వాడికి వెయ్యకండి. వెనక మూత తీయకుండా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు వాళ్లు దగ్గరే కాబట్టి ఆదివారం మేమే వచ్చి చూస్తాం. సిరీస్ బల్బు మా దగ్గర ఉంది.