హెచ్-4 వీసా – బాధిత స్త్రీల ఆర్థికాధారం: చారిత్రక పరిశీలన

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగుల భార్యలకు లభించేది హెచ్-4 వీసా. దానిపై వెళ్ళిన తెలుగు స్త్రీలు అనేకులు. చిరకాలం వారికి సంపాదించే హక్కు లేదు. హింసించే భర్తతో విడాకులు పొందితే నివాసార్హత కూడా పోతుంది.

2006 జనవరిలో ఆమోదం పొందిన మహిళాహింసా నిరోధక చట్ట సవరణ ఇట్టి బాధితులకు పని అనుమతిని కల్పించింది. అయితే అందుకు ప్రత్యేక దరఖాస్తు పత్రం 2017లో గాని అమలుకు రాలేదు. ఈ మధ్యలో, 2015లో కొందరు హెచ్-4 స్త్రీలకు లభించిన ఉద్యోగానుమతి భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియపైనే ఆధారపడింది.

భారతీయ సముదాయ సంక్షేమనిధి నుండి 2017 నియమాల ప్రకారం పరిత్యక్తలకు లభించే 4,000 డాలర్ల వరకు సాయం న్యాయపోరాటానికి ఉద్దేశించినది. ఇంటి అద్దెకు కాదు.

కనుక చట్టం హక్కును గుర్తించిన నాటికీ, అది బాధితురాలి చేతికందిన నాటికీ నడుమ గల పదకొండేళ్ళ వ్యవధియే ఈ చరిత్రలో ప్రధానాంశమని భావించవచ్చు.