మీరాబాయి నాణెం, చర్మకారుడైన గురువు

పెందుర్తి జంక్షన్‌లో కిరాణా కొట్టుకు తీసుకెళ్లి బియ్యం కొనుక్కునే నాణెం కాదిది. భక్త కవయిత్రి మీరాబాయి 525వ జయంతి పేరిట కేంద్రం తెచ్చిన 525 రూపాయల నాణెం. 2023 నవంబరు 23న మథురలో ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని విడుదల చేశారు. తపాలా బిళ్ల కూడా అప్పుడే వచ్చింది.

అంతకు మూడు నెలల ముందే, ఆగస్టు 28న, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం విడుదలైంది కాబట్టి ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఇలాంటివి చలామణీకి రావు. దాచుకునేవాళ్లకు ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు మింట్ అమ్ముతుంది. 2015లో అంబేడ్కర్ 125వ జయంతికి వచ్చిన 125 రూపాయల నాణెమూ అంతే. దాంతోపాటు వచ్చిన పది రూపాయల నాణెం మాత్రం జనం చేతుల్లో తిరిగింది.

మీరా మేడతా రాఠోడ్ల ఆడబిడ్డ, మేవాడ్ రాజకుటుంబపు కోడలు. ఆమె గురువు మాత్రం కాశీలో తోలుపని చేసే కులంలో పుట్టిన రవిదాసు అని సంప్రదాయం చెబుతుంది. చిత్తోడ్‌గఢ్ కోటలో మీరా గుడి ఎదుట చిన్న మంటపం ఉంది, అందులో రవిదాసు పాదముద్రలు చెక్కి ఉన్నాయి. ఇద్దరి కాలాలు కలుస్తాయా అని చరిత్రకారులు వాదించుకుంటారు. వాదించుకోనీండి. ఆమె పాటల్ని ఎవరు బతికించారన్నది అంతకంటే పెద్ద విషయం.

పరితా ముక్తా సౌరాష్ట్ర, రాజస్థాన్ పల్లెల్లో తిరిగి 1994లో ఇంగ్లిషులో ఒక పుస్తకం తెచ్చారు. మీరా భజనలు నేతపనివాళ్ల, తోలుపనివాళ్ల, పేద రైతుల గొంతుల్లో నిలిచాయని అందులో చూపించారు. మేవాడ్ రాజపుత్రుల ఇళ్లల్లో ఆమె పేరెత్తడమే తప్పు. కులం కట్టు దాటిన కోడలు కదా! వెలివేసిన ఇంటి పేరుతోనే ఇవాళ ఆమెను రాజకుమారిగా కీర్తిస్తున్నారు. వందల ఏళ్లు పాడినవాళ్ల ఊసు తక్కువ.

రవిదాసు మీద తపాలా బిళ్ల 1971లోనే వచ్చింది. అంతకంటే ముందు, 1948లో, అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకాన్ని అంబేడ్కర్ ముగ్గురికి అంకితమిచ్చారు: నందనార్, రవిదాసు, చోఖామేళా. అయితే భక్తుల మీద ఆయనకు భ్రమలేమీ లేవు. దేవుడి ముందు అందరూ సమానమన్నారే గానీ మనిషికీ మనిషికీ మధ్య సమానత్వం కోసం వాళ్లు పోరాడలేదని, ‘కుల నిర్మూలన’ మీద గాంధీకి ఇచ్చిన జవాబులో ఆయన సూటిగానే రాశారు.