మన వీధుల కొలతలు: హబ్సిగూడ యాభై ఏళ్ళ కథ

సావనీరు కమిటీ వారు బడి జ్ఞాపకాలు రాయమన్నారు. పి.టి. సారు బెత్తం గురించి, ఇంటర్వెల్‌లో కొనుక్కున్న ఉప్పుకారం జామకాయల గురించి రాసేవాళ్ళు మన బ్యాచ్‌లలో చాలామంది ఉన్నారు. వాళ్ళు నాకంటే బాగా రాస్తారు కూడా. నేను సివిల్ ఇంజనీరుని కాబట్టి బడి గేటు దాటాక కనిపించే వీధుల చరిత్ర రాస్తాను. ఈ యాభై ఏళ్ళలో బడి కంటే ఎక్కువ మారినవి ఆ వీధులే. అవి ఎందుకు మారాయో, ఏ నిబంధన వల్ల ఎలా తయారయ్యాయో మనం తెలుసుకోవలసిన సమయం వచ్చింది. అక్కడ మిగిలిన పాత ఇళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటిగా మన పేర్ల మీదికి వస్తున్నాయి మరి.

ముందు పేరు సంగతి. అరబ్బులు అబిసీనియాను హబష్ అన్నారు, అక్కడి నుంచి వచ్చినవాళ్ళు హబ్షీలు. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏ.సి. గార్డ్స్‌కు ఆ పేరు అందువల్లే వచ్చింది. మన ఊరి పేరూ హబ్షీల వల్ల వచ్చిందేనని పెద్దలు చెప్పేవారు. చివర ఉన్న 'గూడ' మాత్రం మన తెలుగుదే. పక్కనున్న ఉప్పల్ కలాన్‌లో కలాన్ అంటే పారశీకంలో పెద్దది. ఇంతకీ చెప్పేదేమిటంటే, హబ్సిగూడ ఏ నాడూ ఒకే రకం మనుషుల ఊరు కాదు. 'పాత హబ్సిగూడను కాపాడాలి' అనేవాళ్ళు ఎవరి హబ్సిగూడ అని ఒకసారి ఆలోచించుకోవాలి.

మనం చిన్నప్పుడు చూసిన హబ్సిగూడను తయారుచేసింది చుట్టూ ఉన్న సంస్థలు. పడమట ఉస్మానియా యూనివర్సిటీ. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. తార్నాకలో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ, అదే నేటి ఐఐసిటి. ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జిఆర్‌ఐ, 1961లో పుట్టింది. సిసిఎంబి 1977లో మొదలై, దాని ప్రాంగణాన్ని 1987 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రారంభించారు. మనలో కొందరు ఆరోజు రోడ్డు పక్కన నిలబడి ఆ కాన్వాయ్ చూసినవాళ్ళే. ఇంకోవైపు నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు. నాచారంలోనే రామారావు గారి రామకృష్ణా స్టూడియో. సైంటిస్టులు, లెక్చరర్లు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు, రైల్వే ఉద్యోగులు సైకిల్ దూరంలో జాగా కొనుక్కున్నారు. కాకతీయ నగర్, రవీంద్ర నగర్, ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్ల వీధులు అలా నిండాయి.

ఆ ఇళ్ళను గుర్తుచేసుకోండి. రెండు వందల నుంచి ఆరు వందల గజాల ప్లాట్లు, ముప్ఫై అడుగుల రోడ్డు, అక్కడక్కడ నలభై. జీతం మీద లోను తీసుకుని కింద కట్టడం, పిల్లల చదువులయ్యాక పైన ఒక పోర్షన్ వేసి అద్దెకివ్వడం. పైపోర్షన్‌కు మెట్లు బయటినుంచే. లోపల షాబాదు బండలు. నడుమెత్తు ప్రహరీ గోడ, దాని మీదుగానే పక్కింటివాళ్ళతో కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడం. ముందు పది పన్నెండు అడుగుల ఖాళీ, అందులో ఒక కొబ్బరి చెట్టు, పారిజాతం, వెనక జామ, బావి. గేటు పక్కన అరుగు. ఇది ఏ ఆర్కిటెక్టూ గీసింది కాదు. డబ్బు తక్కువ, ప్లాటు పెద్దది, మేస్త్రీకి తెలిసిన పద్ధతి ఒకటే, కాబట్టి వీధి అంతా ఒకే వరసలో వచ్చింది. వీధికి ఒక స్వభావం ఉందంటే అది ఈ కొలతల వల్లే. ఇంటి ముందు ఎంత ఖాళీ, గోడ ఎంత ఎత్తు, నేల ఎంత తెరిచి ఉంది, చెట్టు ఎక్కడ ఉంది. ఇల్లు అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

ఇక నిబంధనలు. మన బడికీ హుడాకూ దాదాపు ఒకే వయసు. 1975 చట్టం కింద హుడా ఏర్పడింది. 1976లో వచ్చిన పట్టణ భూ పరిమితి చట్టం మన నగరంలో ఖాళీ జాగాకు వెయ్యి చదరపు మీటర్ల పరిమితి పెట్టింది. 1981లో జోనింగ్ నిబంధనలు వచ్చాయి. వాటి భాషలో హబ్సిగూడ అంటే మ్యాపు మీద 'నివాస ప్రాంతం' అనే రంగు, అంతే. ఆ రంగు లోపల వీధి ఎలా ఉందో, ఎలా ఉండాలో ఎక్కడా రాయలేదు. 1987లో అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. తొంభైల్లో మెయిన్ రోడ్డు మీద మొదటి ఫ్లాట్లు లేచినప్పుడు మనం లిఫ్టు ఎక్కి చూడడానికి వెళ్ళాం.

పాతదాన్ని కాపాడే ప్రయత్నం మన నగరంలో జరగలేదని కాదు. 1995లో హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. హెరిటేజ్ కట్టడాలకు, ప్రాంగణాలకు, తర్వాత కొన్ని రాతిగుట్టలకు కూడా దానివల్ల రక్షణ వచ్చింది. దేశంలోనే ముందుగా ఈ పని చేసిన నగరాల్లో మనది ఒకటి. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేశారు. 2017లో వేరే హెరిటేజ్ చట్టం వచ్చింది. అయితే ఈ రక్షణంతా దేవిడీలకు, గుమ్మటాలకు, పేరున్న భవనాలకు. ఉద్యోగస్తులు లోను మీద కట్టుకున్న డాబా ఇళ్ళ వీధి ఎవరి జాబితాలోకీ రాదు. రావాలని నేనూ అనను. ఆ ఇళ్ళలో ఏ ఒక్కటీ విడిగా గొప్పది కాదు. నలభై ఇళ్ళు కలిసి ఉన్నప్పుడే దానికి విలువ. అలాంటిదాన్ని పట్టుకునే నిబంధన మన దగ్గర లేకపోయింది.

అసలు మలుపు 2006 మార్చి. జి.ఓ. 86. అంతకుముందు ఎఫ్.ఎస్.ఐ. అనే లెక్క ఉండేది, అంటే ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలి అనే పరిమితి. ఆ జి.ఓ. దాన్ని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు చూసి ఎత్తు, సెట్‌బ్యాక్ నిర్ణయిస్తారు, ఆ గిరి లోపల ఎంతైనా కట్టుకోవచ్చు. 2012లో వచ్చిన జి.ఓ. 168 కూడా ఇదే దారి. ఇంజనీరుగా చెప్పాలంటే ఆ పట్టికలు స్పష్టంగా ఉంటాయి, లంచానికి చోటు తగ్గించే ఉద్దేశమూ ఉంది. కానీ పట్టిక చూసేది ఒక్క ప్లాటునే. పక్కింటి కిటికీ ఎక్కడుందో, ఎదురింటి వరస ఏమిటో, వీధి చివర మోరీ ఎంత నీరు మోస్తుందో దానికి తెలియదు. 2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ జి.హెచ్.ఎం.సి.లో కలిసిపోయింది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో పరుగెత్తింది, హబ్సిగూడకు సొంత స్టేషను వచ్చింది, గజం ధర సంగతి మీకు తెలుసు. 2020లో టి.ఎస్.బి-పాస్ చట్టం. ఆరు వందల గజాల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవడానికి యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. మన వీధుల్లో ప్లాట్లన్నీ దాదాపు ఈ లెక్కలోకే వస్తాయి. తిప్పించుకోవడం తప్పింది, అది మంచిదే. అయితే ఒక ఇల్లు పోయి మరొకటి వచ్చే క్రమంలో వీధి తరఫున ఎవరైనా ఒక మాట అడిగే సందర్భం కూడా దాంతోపాటే పోయింది.

దీని ఫలితం వానలో తెలిసింది. 2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. రామంతాపూర్ చెరువు నీళ్ళు స్ట్రీట్ నంబర్ 8లోకి, రవీంద్ర నగర్‌లోకి వచ్చాయి. మన క్లాస్‌మేట్ల అమ్మానాన్నలు కొందరు పైపోర్షన్లలో చీకట్లో కూర్చున్నారు, పడవల మీద పాల ప్యాకెట్లు వచ్చాయి. చెరువు చుట్టూ వదలాల్సిన జాగా గురించి నిబంధన లేకపోలేదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. ఆ సంగతి పత్రికల్లో చాలానే వచ్చింది. నేను చెప్పేది చెరువుకు దూరంగా ఉన్న వీధుల లెక్క.

మూడు వందల గజాలంటే 250 చదరపు మీటర్లు. దాని మీద పది సెంటీమీటర్ల వాన పడితే 25 వేల లీటర్లు. అలాంటి నలభై ప్లాట్ల వీధి మీద పది లక్షల లీటర్లు. పాత ఇంట్లో దాదాపు సగం ప్లాటు మట్టి. మట్టి అంతా పీల్చుకోదు, కానీ కొంత తాగి, మిగిలింది ఆలస్యంగా వదులుతుంది. మొదటి గంటలో మోరీ మీద పడే బరువు అంతమేరకు తగ్గుతుంది. ఇప్పుడు గోడ నుంచి గోడకు స్లాబు, సెట్‌బ్యాక్‌లో కూడా టైల్సు. ఇంకుడు గుంత తవ్వాలన్న నిబంధన కాగితం మీద ఉంది. చాలాచోట్ల ప్లానులో చుక్కల గీతగానే మిగిలిపోయింది. ఒక్క ఇల్లు ఇలా చేస్తే ఏమీ కాదు. ముప్ఫై ఇళ్ళు చేస్తే వీధి కాలువ అవుతుంది.

ఇతర చోట్ల ఏం చేశారు? ఇంగ్లండులో 1967లోనే ఒక చట్టం తెచ్చారు. విడి భవనం కాకుండా ఒక ప్రాంతం మొత్తం స్వభావాన్ని చూసి దాన్ని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తారు. అక్కడ చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు తెలియజేయాలి. ప్రతి ప్రాంతానికీ మార్గదర్శిక ఉంటుంది. ఇక్కడి ఇళ్ళ వరస ఇది, ప్రహరీ ఇంత, కొత్త ఇల్లు పాతదానికి నకలు కానక్కరలేదు కానీ వరస తప్పకూడదు అని. మన దేశంలో చండీగఢ్ ఉంది. అక్కడ ఒంటి ఇళ్ళను అంతస్తులవారీ ఫ్లాట్లుగా మార్చడం మీద నివాసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2023 జనవరి 10న కోర్టు మొదటి దశ సెక్టార్లలో, అంటే 1 నుంచి 30 దాకా, అలా మార్చడాన్ని ఆపింది, మూడంతస్తులకు పరిమితం చేయమంది. కానీ చండీగఢ్‌కు కార్బూజియే పేరు ఉంది. మనకు ఎవరి పేరుంది? ఏ కోర్టూ స్ట్రీట్ నంబర్ 3ను వారసత్వ సంపద అనదు.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఒక ప్లాటు మీద ముగ్గురు అన్నదమ్ములుంటే మూడు ఫ్లాట్లు కావాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు లిఫ్టు కావాలి. ఆ ఫ్లాట్లే లేకపోతే ఇవాళ ఉప్పల్‌లో ఉద్యోగం చేసే కొత్త జంటకు హబ్సిగూడలో చోటే లేదు. మెట్రో స్టేషను పక్కన, వరంగల్ రోడ్డు మీద ఎత్తుగా కట్టాల్సిందే, అందుకేగా అంత ఖర్చుపెట్టి రైలు వేసింది. నేను స్ట్రక్చరల్ డిజైను మీద బతికినవాణ్ణి, ఎత్తు మీద నాకు కోపం లేదు. అదే లెక్కను ముప్ఫై అడుగుల లోపలి వీధికీ వర్తింపజేయడం మీదే నా అభ్యంతరం.

ప్రభుత్వం ప్రాంతాల వారీ మార్గదర్శిక రాసేదాకా ఆగనక్కరలేదు. చాలామంది గమనించని విషయం ఒకటుంది. జి.ఓ.లోని సెట్‌బ్యాక్ కనీసం మాత్రమే, అంతకంటే ఎక్కువ వదలడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చేటప్పుడు బిల్డరుతో రాసుకునే అగ్రిమెంటులో యజమాని తన షరతులు పెట్టవచ్చు. మనం వాటా గురించి, అద్దె గురించి, టేకు తలుపుల గురించి పది పేజీలు రాయిస్తాం. ముందు ఖాళీ గురించి ఒక్క వాక్యం రాయించం. నాకు తెలిసిన ఒక కుటుంబం రాయించింది. వీధి వైపు పది అడుగులు మట్టిగానే ఉంచాలి, వేపచెట్టు కొట్టకూడదు, కారు ర్యాంపు గేటు లోపలే దిగాలి, రోడ్డు మీదికి రాకూడదు. బిల్డరు గొణిగాడు, ఒక కారు చోటు తగ్గుతుందన్నాడు, చివరికి సంతకం పెట్టాడు. వేపచెట్టు ఇంకా ఉంది. ఆ నీడన ఇస్త్రీ బండి కూడా ఉంది.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి నా ప్రతిపాదన ఇది. మనలో ఆర్కిటెక్టులు, సర్వేయర్లు, రిజిస్ట్రేషన్ పత్రాలు రాసే వకీళ్ళు ఉన్నారు. వీధికి ఒక కాగితం తయారుచేద్దాం, ఒక్క పేజీ చాలు. రోడ్డు అసలు వెడల్పు ఎంత, పాత ఇళ్ళ వరస రోడ్డు నుంచి ఎన్ని అడుగుల్లో ఉంది, ఏ చెట్లు మిగిలాయి, వాన నీరు ఏ వైపు పారుతుంది, మోరీ ఎక్కడ కలుస్తుంది, 2020లో నీళ్ళు ఏ గేటు దాకా వచ్చాయి. దాని కింద అగ్రిమెంటులో అతికించుకోవడానికి నాలుగు వాక్యాలు, వకీలు చూసి సరిచేసినవి. చెట్ల విషయంలో 2002 వాల్టా చట్టం ప్రకారం కొట్టడానికి అనుమతి కావాలన్న సంగతి కూడా అందులోనే రాద్దాం. ఇష్టమున్నవాళ్ళు వాడుకుంటారు, ఎవరి మీదా బలవంతం లేదు.

మొదట స్ట్రీట్ నంబర్ 8తో మొదలుపెడితే మేలు. అక్కడి ఇళ్ళలో కొన్ని డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న మన వాళ్ళవి. తాళం వేసి ఉన్నాయి, వాటికి బేరాలు నడుస్తున్నాయి. వాళ్ళు సంక్రాంతికి వచ్చి సంతకాలు పెట్టేలోపు ఆ కాగితం వాళ్ళకు చేరాలి.