వేలిముద్ర కథ

మొన్న ఐదేండ్లు నిండిన మా పిల్లవానిని పాత్రపూర్‌లో ఆధారు నమోదునకు తీసికొని వెళ్లితిమి. యంత్రముపై వేళ్లు ఆనించుచు, “నాన్నా, దొంగలకు గదా ఇట్లు చేయుదురు?” అని వాడడిగెను. ప్రక్కనున్న మామ్మగారు, “కాదు నాయనా, చదువు రానివారు వేయుదురు” అనిరి. రెండును సగము నిజములే. మిగిలిన సగము పిల్లలకు చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మన పిల్లలు వేళ్లు చూచుకొని, చక్రములెన్ని, శంఖములెన్ని యని లెక్కించుకొందురు. సుడివలె తిరిగినది చక్రము. వంగి వచ్చిన వైపునకే మరలినది శంఖము. ఈ గీతలు తల్లి కడుపులోనే ఏర్పడును. బిడ్డతోబాటు వేలు పెరుగును గాని గీతల వరుస మారదు. కవల పిల్లలకును ముద్రలు వేరు.

1858లో వంగదేశమున జంగీపురములో విలియం హెర్షెల్ అను దొర, బాటకు కంకర తోలు రాజ్యధర్ కొనాయి అను కంట్రాక్టరుచేత ఒప్పందపు కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. రేపు ‘ఈ సంతకము నాది కాద’నకుండుటకే ఈ యుపాయము. ఆ ఒప్పందమును కొనాయి స్వహస్తముతోనే వ్రాసెను. కనుక అతడు దొంగయు గాడు, నిరక్షరాస్యుడును గాడు. 1877లో హుగ్లీలో హెర్షెల్ పింఛనుదారులచేతను ముద్రలు వేయించెను.

తరువాత పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారు, ముద్రలను 1,024 గళ్లలో సర్ది, కావలసినదానిని వెదకి తీయు పద్ధతి కుదిర్చిరి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసెను. పద్ధతికి పేరు మాత్రము హెన్రీదే నిలిచెను.

ఈ విద్య సముద్రము దాటి, మనవలె పొట్టచేత పట్టుకొని వలస వెళ్లినవారిపై పడెను. మద్రాసు రేవున ఓడలెక్కిన తెలుగువారును దక్షిణాఫ్రికాలో నుండిరి. 1906లో అచ్చటి ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము, ఎనిమిదేండ్లు నిండిన భారతీయులందరు వేలిముద్రలిచ్చి పత్రము పొందవలెనని చట్టము తలపెట్టెను. ముద్రలు చట్టరీత్యా నేరస్థులవద్దనే తీసికొందురని గాంధీగారు హెన్రీ పుస్తకమువలన గ్రహించిరి. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గు సభలో, ఆ చట్టమునకు లొంగమని మనవారు ప్రతిజ్ఞ చేసిరి. 1908 ఆగస్టు 16న పత్రములను రాశిపోసి కాల్చిరి. అవమానము ముద్రలో లేదు. అడిగిన తీరులో నున్నది.

నేడు ఆధారునకు ఐదేండ్లలోపు పిల్లల వేలిముద్రలు తీయరు. ఐదేండ్లు నిండినపుడును, పదునైదేండ్లు నిండినపుడును ఇచ్చుట మరువరాదు.

మా రైల్వేలో పూర్వము గ్యాంగు కూలీలు జీతపు పట్టీలో బొటనవ్రేలు ఒత్తి, ఆ సిరా మరకను తలకు తుడుచుకొనుచు సిగ్గుపడెడివారని పెద్దలు చెప్పుదురు. వేలిముద్ర పుట్టుకతో వచ్చును. సంతకము నేర్పినగాని రాదు. బడిలో ఒడియా చదువు మన పిల్లలకు, తమ పేరు తెలుగులో వ్రాయుట ఇంటిలో మనమే నేర్పవలెను.

ఈ ఉగాదినాడు ఒక కాగితముపై మీ బిడ్డచేత వేలిముద్ర వేయించి, క్రింద తెలుగులో పేరు వ్రాయించి దాచుడు. పదునైదవ యేట మరల తీసి చూపుడు. గీతలు అవే యుండును; అక్షరము కుదురుకొని యుండును.