పానశాల లేని పేటలు

త్రాగుడు మాన్పుటకు పానశాలను మూసివేసిన చాలునని కొందఱును, తలుపు మూసినంతమాత్రమున దాహము తీఱదని కొందఱును వాదించుచుందురు. ఈ వాదము ఉపన్యాస వేదికలపై తేలునది కాదు. ఇంగ్లాండు దేశపు శివారు పేటలలో నూఱేండ్లకు పైగా దీనికి పరీక్ష జరిగినది. ఆ చరిత్రను సంగ్రహముగా పాఠకులకు నివేదింప నెంచితిమి.

ఆ దేశమున ‘పబ్బు’ అనునది త్రాగుటకు మాత్రమే యేర్పడిన తావు కాదు. ఇఱుకు గదులలో కాపురముండు కూలివానికి చలికాలపు సాయంకాలమున నిప్పు, దీపము, కూర్చుండ బల్ల, మాటాడ నలుగురు అచ్చటనే దొరకెడివారు. కార్మికుల సహాయనిధి సంఘములు సయితము పెక్కులు అక్కడనే కూడెడివి. 1830లో పార్లమెంటు బీరుపై సుంకము నెత్తివేసి, రెండు గినీల రుసుము చెల్లించిన గృహస్థుడు తన యింటనే బీరు అమ్ముకొనవచ్చునని శాసించెను. ఘాటైన జిన్ను నుండి జనులను మరల్చుట దాని యుద్దేశములలో నొకటి. ఫలితముగా వీధివీధిని బీరు కొట్లు వేలకొలదిగా పుట్టినవి. 1869 నాటి చట్టముతో గాని అవి మరల మేజిస్ట్రేటుల అదుపునకు రాలేదు.

ఈ స్థితిని కన్నులార చూచినవారిలో జార్జి కాడ్బరీ యొకడు. క్వేకరు మతస్థుడగు నీ చాకొలెట్టు వర్తకుడు బర్మింగుహాములో వయోజనుల పాఠశాలయందు చిరకాలము పాఠములు చెప్పి, కార్మికుల గృహస్థితిని దగ్గఱగా నెఱిగెను. 1879లో అన్నదమ్ములు కర్మాగారమును నగరము వెలుపలికి తరలించిరి. దాని చెంత 1895 మొదలు బోర్న్‌విల్ అను పేట వెలసెను. ఆ పేటలో పానశాలకు తావులేదు. దానికి మాఱుగా ప్రతి యింటికిని తోటయు, అందు ఫలవృక్షములును కల్పింపబడెను. పనినుండి వచ్చిన పురుషుడు ఆలుబిడ్డల నడుమ మట్టి త్రవ్వుకొనుచు సాయంకాలము గడుపునని ఆయన తలంపు. 2007లో ఒక పెద్ద యంగడి అచ్చట మద్యమమ్మ ప్రయత్నింపగా అడ్డుపడి ఆపించినవారు ఆ పేట నివాసులే.

1903లో స్థాపితమైన లెచ్‌వర్త్ ఉద్యాననగరము కథ మఱియొక తీరు. 1907లో నివాసుల వోటు తీసికొని అచ్చట మద్యవిక్రయమును నిషేధించిరి. ఆ యేటనే ‘స్కిటిల్స్ ఇన్’ అను నొక సత్రమును తెఱచిరి. పబ్బునందుండు ఆటలు, నిప్పుగూడు, కబుర్లు అన్నియు నందు కలవు; మద్యమొక్కటియే లేదు. టీ, చాకొలెట్టు మొదలగు పానీయముల నమ్మిరి. త్రాగగోరువారు ఊరి యంచునందలి పాత పల్లెల పబ్బులకు నడచిపోయెడివారు. 1958లో మరల వోటు తీసికొనగా నిషేధము తొలగెను. నియమము పోయినను సత్రము పోలేదు. 1925లో అది వయోజన విద్యాశాలగా మాఱి, నేటికిని స్త్రీపురుషులకు విద్య గఱపుచున్నది.

మూడవ మార్గము ననుసరించినవారును కలరు. రెండు మహాయుద్ధముల నడుమ బర్మింగుహాము మేజిస్ట్రేటులు ‘తక్కువ, కాని మేలైనవి’ అను నీతితో, ఇఱుకు సందులలోని కొట్లను మూయించి, శివారు పేటలలో విశాలమైన పానశాలలకు అనుమతులిచ్చిరి. భోజనశాలలతో, తోటలతో అవి కుటుంబసమేతముగా పోదగినవిగా నుండవలెనని వారి కోరిక. లండను చెంత డౌన్‌హామ్ పేటకంతటికి 1930లో తెఱచిన దొక్కటే పబ్బు. కాని భవనము పెద్దదయినంత మాత్రమున అది ఇరుగుపొరుగుల కూటమి కాజాలదు. వేలమందికి చెందినది ఎవరికిని తమదిగా తోచదు గదా!

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. కాడ్బరీ వయోజనుల పాఠశాలలో నేర్చిన పాఠమునే, 1992 ప్రాంతమున నెల్లూరు మండలములోని దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో నేర్చిరి. చదువుకొన కూర్చున్న తల్లులు తమ కష్టమునకు మూలమేదని తర్కించుకొని సారా నమ్మనీయమని లేచిరి. 1993లో సారాయు, 1995లో సకల మద్యమును నిషేధింపబడెను. 1997లో మాత్రము ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడెను. పైనుండి వచ్చిన శాసనము పైవారి చేతనే తొలగును. ఊరివారు తమంతట పెట్టుకొన్న నియమమునకు కావలివారు ఊరివారే.

కావున సంస్కర్తలమగు మనము దుకాణము మూయుమని యడుగునపుడు, అదే నోటితో, ఆ సాయంకాలమున ఆ మనుష్యుడు ఎక్కడ కూర్చుండునని కూడ అడుగవలెను. గ్రంథాలయమందు దీపమున్నదా? అరుగుపై నలుగురు కూడుదురా? పగలెల్ల శ్రమించిన యిల్లాలికి సయితము అందు చోటు కలదా? వీనికి సమాధానము చెప్పగల గ్రామమున పానశాల తలుపు ఒకసారి మూసిన మరల తెఱవ నవసరముండదని మా విశ్వాసము.