పాత డైమ్ చీటీకి ప్రతిపదార్థం

అమెరికాలో పాత నాణేలు అమ్మేవాళ్ళు ఒక్కో నాణేన్ని అట్టముక్కల మధ్య బిగించి, ఆ అట్ట మీద సన్నటి అక్షరాలతో నాలుగు మాటలు రాస్తారు. ఆ మాటల అర్థం తెలియనివాడు ఎక్కువిచ్చి కొంటాడు, లేదా తాతల నాటి నాణేన్ని తక్కువకు అమ్ముకుంటాడు. అలాంటి చీటీ ఒకటి మూలంగా తీసుకుందాం: “డైమ్, మెర్క్యురీ, 1916-డి, జి-4, 90% వెండి, కడగనిది.”

డైమ్: పది సెంట్ల నాణెం, డాలరులో పదో వంతు. 1792 చట్టంలో దీనికి చోటిచ్చారు, ముద్రించడం 1796లో మొదలైంది. వ్యాసం 17.9 మిల్లీమీటర్లు. ఒక్క సెంటు బిళ్ళ కన్నా పది సెంట్ల బిళ్ళ చిన్నదేమిటని కొత్తగా వెళ్ళినవాళ్ళు తికమకపడతారు. పది సెంట్ల విలువకు సరిపడా వెండి తూచి పోస్తే వచ్చిన సైజు అది. వెండి పోయినా సైజు మిగిలింది.

90% వెండి: మూలంలో వెనక ఉన్నా, ముందు తేల్చుకోవలసిన మాట ఇదే. 1837 నుంచి ఈ నాణెంలో తొంభై పాళ్ళు వెండి, పది పాళ్ళు రాగి. 1873 నుంచి బరువు రెండున్నర గ్రాములు. అంటే అసలు వెండి 2.25 గ్రాములు. 11.66 గ్రాముల పాత తులంతో తూస్తే, తులం వెండికి ఐదు డైమ్‌లు కొద్దిలో చాలవు. అమెరికావాళ్ళు ట్రాయ్ ఔన్సుల్లో లెక్కిస్తారు కాబట్టి ఔన్సు ధరను 0.0723తో గుణిస్తే ఒక డైమ్‌లోని వెండి ఖరీదు వస్తుంది. ఔన్సు 30 డాలర్లు అనుకుంటే రెండు డాలర్ల పదిహేడు సెంట్లు.

ఔన్సు ధర 1.38 డాలర్లు దాటితే చాలు, డైమ్‌ను ఖర్చుపెట్టడం కన్నా కరిగించడమే లాభం. 1960లలో ధర ఆ గీత వైపు నడిచింది, చిల్లర కరువైంది. 1965 జులై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టంతో డైమ్ నడుమ రాగి, పైనా కిందా రాగి-నికెల్ మిశ్రమం వచ్చాయి. కొత్తదాని అంచు చూస్తే ఎర్రటి గీత కనిపిస్తుంది, వెండి డైమ్ అంచు అంతా తెలుపే. నిత్యం చేతులు మారే డైమ్‌లలో 1964, అంతకు ముందు తేదీలవి వెండివి. అయితే 1964 అని ఉన్నంత మాత్రాన అది ఆ ఏడే పుట్టిందనుకోకూడదు. జనం దాచుకోకుండా ఉండాలని అదే తేదీతో 1966 మొదటి దాకా ముద్రించారు. జనం దాచుకోనే దాచుకున్నారు.

నాణేలను కరిగించడంపై 1967లో పెట్టిన నిషేధం 1969లో పోయింది. 1980 జనవరిలో హంట్ సోదరులనే అమెరికా ధనవంతుల వెండి కొనుగోళ్ళ వేడిలో ఔన్సు 50 డాలర్ల దగ్గరికి చేరేసరికి పాత డైమ్‌లు బస్తాలకొద్దీ కొలిమికి వెళ్ళాయి. అందుకే ఏ ఏడు ఎన్ని ముద్రించారన్న అంకె ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఎన్ని మిగిలాయన్నది వేరే లెక్క. ఇలా తూకానికి పోయే నాణేలను ‘జంక్ సిల్వర్’ అంటారు. మన చీటీలో ఆ మాట లేదు, ఉండకూడదు కూడా. వెయ్యి డాలర్ల ముఖవిలువ గల బస్తాలో లెక్క ప్రకారం 723 ఔన్సుల వెండి ఉండాలి, వ్యాపారులు 715గానే కట్టుకుంటారు. ఆ తేడా చేతులు మారి మారి అరిగిపోయినది. అంత బతుకు బతికిన నాణేన్ని చెత్త అనడం నాకు నచ్చదు.

మెర్క్యురీ: 1916 నుంచి 1945 దాకా వచ్చిన రకం, అడాల్ఫ్ వైన్‌మన్ చెక్కినది. బొమ్మ రోమను దేవుడిది కాదు, టోపీకి రెక్కలున్న స్వేచ్ఛాదేవిది. జనం పొరపడి పెట్టిన పేరే నిలిచింది. వెనకవైపు కట్టెల మోపు, ఆలివ్ కొమ్మ. దీనికి ముందుది చార్లెస్ బార్బర్ డైమ్. తరవాతది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బొమ్మ ఉన్న డైమ్, ఆయన పోయిన మరుసటి ఏడు, 1946లో, ఆయన పుట్టినరోజైన జనవరి 30న విడుదలైంది.

1916-డి: చీటీకి ప్రాణం ఇదే. ‘డి’ అంటే డెన్వర్ టంకశాల. ఆ ఏడు అక్కడ క్వార్టర్ల (పాతిక సెంట్ల నాణేల) పని ముంచుకురావడంతో డైమ్‌లు ఆపేశారు, మొత్తం 2,64,000తో సరి. అదే ఏడు ఫిలడెల్ఫియాలో ముద్రించినవి రెండు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు. రెండింటిలో వెండి సమానమే. తేడా ఒక్క అక్షరం, దాని ఖరీదు వందల డాలర్లు. దొంగలకు అది చాలు: ఫిలడెల్ఫియా డైమ్ మీద ‘డి’ అతికించి అమ్ముతారు. ఆ అక్షరం ఉండే వెనకవైపుకు డెన్వర్‌లో వాడిన అచ్చులు నాలుగే. అక్షరం ఎక్కడుంది, ఎటు వాలింది అని ఆ నాలుగింటితో పోల్చి నిపుణులు తేలుస్తారు. భూతద్దం లేకుండా ఈ తేదీ కొనకండి. ఇంకా అరుదైనది 1894-ఎస్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరవై నాలుగే పోశారు, 2016లో ఒకటి దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది.

జి-4: ఒకటి నుంచి డెబ్బై దాకా నడిచే అరుగుదల కొలతలో నాలుగో మెట్టు. తేదీ, అక్షరాలు చదవొచ్చు, కట్టెల మధ్య గీతలు మాత్రం చదునైపోయి ఉంటాయి. పై మెట్ల నాణేలకు మోపును చుట్టిన నడిమి పట్టీలు పూర్తిగా విడివడి కనిపిస్తే ‘ఫుల్ బ్యాండ్స్’ అని అదనపు ధర.

కడగనిది: మన ఇళ్ళలో వెండి కుంకుమభరిణె నల్లబడితే విబూదితో తోమి తళతళలాడిస్తాం. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళకు పాత డైమ్ దొరికితే చెయ్యి అటే పోతుంది. వద్దు. ఆ నలుపు ఏళ్ళ తరబడి వెండి మీద ఏర్పడిన పొర. తోమితే అది పోవడంతోపాటు పైతలం మీద సన్నని గీతలు పడతాయి, భూతద్దంలో దొరికిపోతాయి. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి పరీక్షా సంస్థలు అలాంటిదానికి మెట్టు అంకె ఇవ్వకుండా ‘కడిగినది’ అని రాసి తిప్పి పంపుతాయి, 1916-డి అయినా సరే. మామూలు తేదీ అరిగిన డైమ్‌కు మాత్రం కడిగినా కడక్కపోయినా కరిగించేవాడిచ్చే ధర ఒకటే.