రాసుకున్న సంకల్పం, రాసుకున్న లెక్క: సూరత్, కాకినాడల కథ

కొత్త వ్యాపారానికి ముందు ఒక లక్ష్యం రాసుకోవడం, అది నెరవేరుతుందని తమకు తాము చెప్పుకోవడం గుజరాత్ వర్తకుల్లో తరతరాలుగా ఉన్న ఆచారం. దీపావళి నాటి చోప్డా (ఖాతా పుస్తకం) పూజలో అది నేటికీ కనిపిస్తుంది. దాదాపు అదే పనిని 1964లో ఒక అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కాకినాడ వ్యాపారులతో శాస్త్రీయ ప్రయోగంగా చేయించాడు. అలాంటి శిక్షణే కొన్నేళ్ళకు గుజరాత్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో భాగమై, మొదటి తరం యజమానులను తయారుచేసే పనికి ఉపయోగపడింది. సూరత్ దక్షిణపు అంచున, నవసారి వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఉన్, దాని చుట్టుపక్కల పాండేసరా, భేస్తాన్, సచిన్ ప్రాంతాలు అలా కొత్తగా యజమానులయ్యే వాళ్ళను ఆకర్షించిన నేల.

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలుల కాలంలో పడమటి తీరానికి పెద్ద రేవు. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. 17వ శతాబ్దం మొదట్లోనే ఆంగ్లేయుల కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. ఆ కంపెనీకే అప్పులిచ్చిన విర్జీ వోరా అనే జైన వర్తకుడు ఈ ఊరివాడు. 1664లో ఒకసారి, 1670లో మరోసారి శివాజీ దాడి చేసినా సూరత్ షరాబులు మళ్ళీ లేచి నిలబడ్డారు. వాళ్ళ సరుకు పోయినా మాట పోలేదు, వాళ్ళు రాసిచ్చిన హుండీ పత్రం చెల్లింది. వర్తకుడి పరపతిని అక్కడ ‘ఆబ్రూ’ అంటారు. దానికి ఆధారం అతని ఖాతా పుస్తకం. 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షన్‌లో ఆ నమ్మకం చట్టానికీ ఎక్కింది. వ్యాపార క్రమంలో రోజువారీగా రాసిన పద్దులను కోర్టు పరిగణనలోకి తీసుకుంటుంది. అయితే ఒక్క పద్దుల ఆధారంగానే ఎవరి మీదా బాకీ మోపడానికి వీల్లేదు.

ఆ పుస్తకమే చోప్డా. ఎర్రగుడ్డ అట్ట, పొడవాటి కాగితాలు, పైకి తెరుచుకునే కుట్టు. రోజువారీ నగదు రాసేది రోజ్‌మేళ్, మనిషి మనిషికీ విడిగా ఖాతా ఉండేది ఖాతావహి. ఎడమవైపు జమ, కుడివైపు ఉధార్. తెలుగు దేశపు పాత దుకాణాల్లో చిట్టా, ఆవర్జాలు చేసిన పనే ఇది. గుజరాతీ వర్తకులు కొత్త చోప్డాలను దీపావళికి ముందు పుష్యమీ నక్షత్రం నాడు కొంటారు. అమావాస్య సాయంత్రం వాటిని పీట మీద పెట్టి పూజిస్తారు. సిరాబుడ్డిని మహాకాళిగా, కలాన్నీ పుస్తకాన్నీ సరస్వతిగా, నగదును లక్ష్మిగా భావిస్తారు.

మొదటి పేజీ రాసే తీరులో ఆచారం అసలు రూపం తెలుస్తుంది. పైన స్వస్తిక్ వేస్తారు. దాని కింద మొదటి వరుసలో ఒక ‘శ్రీ’, రెండో వరుసలో రెండు, మూడో వరుసలో మూడు, అలా ఏడు వరుసలో తొమ్మిది వరుసలో దిగుతూ గోపురంలా పేరుస్తారు. పక్కన ‘శుభ్’, ‘లాభ్’. వాటితోపాటు ఒకటి అంకె వేసి దాని పక్కన ఒక నిలువు గీత గీస్తారు. అది ‘సవా’, అంటే ఒకటింపావు. పెట్టిన రూపాయి రూపాయింపావు కావాలని దాని భావం. ఉత్తి ‘బాగుండాలి’ అన్న కోరిక దగ్గర ఆగకుండా, ఎంత కావాలో కూడా గుర్తులోనే చెప్పిన సంకల్పం ఇది.

జైన వర్తకులు ఆ పేజీలో మరికొంత చేరుస్తారు. గౌతమస్వామి లబ్ధి, భరత చక్రవర్తి ఐశ్వర్యం, బాహుబలి బలం, అభయకుమారుడి బుద్ధి, కయవన్నా శేఠ్ సౌభాగ్యం, ధన్నా శాలిభద్రుల సంపద తమకు కలగాలని ఒక్కొక్క పేరూ ఒక్కొక్క వరుసలో రాస్తారు. గౌతమస్వామి మహావీరుడి ప్రధాన శిష్యుడు. ఒక్క పాత్రలోని పాయసంతో పదిహేనువందల మంది తాపసులకు కడుపు నింపాడని జైన కథ. మహావీరుడి నిర్వాణం దీపావళి నాడు, ఆ వెంటనే కొత్త సంవత్సరపు వేకువన గౌతముడికి కేవలజ్ఞానం కలిగిందని జైనుల నమ్మకం. అందుకే ఏడాది మొదటి పేజీలో ఆయన పేరు ముందు నిలిచింది. ఈ జాబితాలో శ్రద్ధగా గమనించవలసిన విషయం ఒకటుంది. శాలిభద్రుడు ఎంత సంపన్నుడో కథలు వర్ణించి వర్ణించి చెబుతాయి, చివరికి అతను ఆ సంపదంతా విడిచి సన్యసించాడని కూడా చెబుతాయి. ధన్నా, అభయకుమారుడు, బాహుబలి, అందరూ అదే దారి పట్టినవాళ్ళు. సంపద కోరేటప్పుడు దాన్ని వదలగలిగిన వాళ్ళనే ఆదర్శంగా ఎంచుకున్న ఈ పద్ధతిలో ఒక హుందాతనం ఉంది.

గుజరాతీల విక్రమ సంవత్సరం కార్తీక శుద్ధ పాడ్యమితో మొదలవుతుంది. దుకాణాలు మాత్రం చాలావరకు అయిదో రోజున, లాభ్ పాంచమ్ నాడు తెరుస్తారు. మొదటి బేరం, మొదటి పద్దు ఆ రోజే. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో 1957 నుంచి దీపావళి నాడు కాసేపు జరుగుతున్న ముహూర్త ట్రేడింగ్ ఈ ఆచారపు కొనసాగింపే. ముస్లిం కుటుంబాలు చాలా ఉన్న ఉన్ ప్రాంతంలో పుస్తకం మీద రాసే మాట వేరు, బిస్మిల్లా రాయడమో 786 అంకె వేయడమో ఉంటుంది. మొదటి అక్షరం దేవుడికి, తర్వాతి అక్షరాలు లెక్కకు అన్న వరస మారదు.

తెలుగువాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. పద్దు పుస్తకం నాలుగు మూలలా పసుపు పెట్టి, కుంకుమ అద్ది, పైన ‘శ్రీ’ చుట్టి మొదలుపెట్టడం ఇక్కడి దుకాణాల్లోనూ ఉంది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. కొలిచే మనిషి పైకి అనే ఆ మాట రైతు, వ్యాపారి ఇద్దరి చెవినా పడుతుంది. పొద్దున్నే బోణీ బేరాన్ని పోగొట్టుకోకపోవడం, విజయదశమికి మగ్గానికీ తక్కెడకూ పూజ చేయడం కూడా ఈ కోవలోవే.

ఈ పద్దు పుస్తకాల్లో సంకల్పం, లెక్క ఒకేచోట ఉన్నాయి. ముందు పేజీలో రాసిన ఒకటింపావు నిజమైందో లేదో చెప్పేది వెనక పేజీల్లోని జమా ఉధార్‌లే. ఏడాది తిరిగేసరికి పుస్తకం మూసి, బాకీలు తేల్చి, మిగులు చూసుకుని, మళ్ళీ కొత్త పుస్తకం పూజించేవారు. కోరికకు ఏటా ఒక పరీక్ష ఉండేది. దీని బలమంతా అక్కడే ఉంది.

20వ శతాబ్దపు మనస్తత్వ శాస్త్రం ఇదే చోటికి వేరే దారిలో వచ్చింది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ప్రచురించిన ‘ది అచీవింగ్ సొసైటీ’ గ్రంథంలో, ఒక సమాజం ఆర్థికంగా ఎదగడానికి అందులోని మనుషులకు ఉండే సాధన కాంక్ష ముఖ్యమని వాదించాడు. ఆ కాంక్ష పుట్టుకతో వచ్చేదేనా, నేర్పితే పెద్దవాళ్ళలో కూడా పెరుగుతుందా అన్నది తేల్చడానికి అతనికి ఒక ఊరు కావలసివచ్చింది. హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, అందరూ సియెట్ అని పిలిచేది, తోడ్పడింది. ఎంచుకున్న ఊరు కాకినాడ. రేవు, ధాన్యం వర్తకం, చిన్న పరిశ్రమలు ఉన్న, లక్ష దాటిన జనాభా గల కోస్తా పట్టణం. పోల్చి చూడడానికి, శిక్షణ ఇవ్వకుండా విడిగా ఉంచిన ఊరు రాజమండ్రి. తమిళనాడులోని వేలూరులో కూడా కొందరికి శిక్షణ ఇచ్చారు.

1964, 65 ప్రాంతంలో కాకినాడ వ్యాపారులు, చిన్న పరిశ్రమలవాళ్ళు 52 మంది జట్లు జట్లుగా హైదరాబాద్ వెళ్ళి, సుమారు పది రోజులు సంస్థలోనే ఉండి నేర్చుకున్నారు. అక్కడ ఉపన్యాసాలకంటే చేసి చూసే పనులు ఎక్కువ. ఒక బొమ్మ చూపించి దాని మీద కథ రాయమనేవారు. ఆ తర్వాత ఆ కథను రాసినవాళ్ళ చేతే విప్పించేవారు. కథలోని మనిషికి ఏం కావాలి, గెలుస్తానని ఎదురుచూస్తున్నాడా, ఓడతానని భయపడుతున్నాడా, అడ్డం తనలో ఉందా, బయట ఉందా, ఎవరి సాయం అడుగుతున్నాడు, ఏం చేస్తున్నాడు? ఇలా వెదికేసరికి తన ఆలోచన ఎటు పోతోందో రాసినవాడికే తెలిసేది.

రింగులాట మరొకటి. నేల మీద ఒక కర్ర నిలబెట్టి, దూరం నుంచి దాని మీదికి రింగులు విసరాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఆడేవాడే నిర్ణయించుకోవచ్చు. దగ్గర నిలబడితే రింగు పడుతుంది, అందులో గొప్ప లేదు. మరీ వెనక్కు పోతే పడితే అదృష్టం. సాధన కాంక్ష ఉన్నవాళ్ళు, కష్టపడితే పడుతుందనిపించే మధ్య దూరం ఎంచుకుంటారని మెక్లెలాండ్ పరిశీలన. వ్యాపారులు ఈ ఆటలో చూసుకున్నది తమ అప్పులను, పెట్టుబడులను ఏ దూరం నుంచి విసురుతున్నామో అన్నదే.

శిక్షణలో తనతో తాను మాట్లాడుకునే తీరు మీద కూడా పని జరిగింది. పగటికలలను అదుపు చేసుకుని, తన గురించి తాను నిర్మాణాత్మకంగా ఆలోచించుకోవడం, మాట్లాడుకోవడం అలవరచుకోవాలి. అంతటితో వదిలిపెట్టలేదు. వచ్చే రెండేళ్ళలో ఏం చేయబోతున్నారో ప్రతి ఒక్కరూ కాగితం మీద పెట్టాలి. ఆరు నెలలకొకసారి ఎంతవరకు వచ్చిందో తిరిగి చూసుకోవాలి. లక్ష్యం తన శక్తికి కొంచెం మించినదై ఉండాలి కానీ అందనిదై ఉండకూడదు.

ఫలితాలను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకంగా తెచ్చారు. శిక్షణ పొందినవాళ్ళు పొందని వాళ్ళకంటే ఎక్కువ గంటలు పనిచేశారు, కొత్త వ్యాపారాలు ఎక్కువగా మొదలుపెట్టారు, పెట్టుబడి పెంచారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. కులం, పూజా పునస్కారాలు, వేషధారణ ఇందుకు అడ్డు రాలేదు. భారతీయుల కర్మ సిద్ధాంతం వ్యాపారానికి అడ్డమని పాశ్చాత్య పండితులు గట్టిగా చెబుతున్న కాలంలో, పంచె కట్టుకుని వచ్చిన కాకినాడ వ్యాపారి ఆ మాటను తన ఆచరణతో తోసిపుచ్చాడు. తెలుగు పట్టణాల చరిత్రలో ఇది గర్వంగా చెప్పుకోదగిన అధ్యాయం. వాణిజ్య శాస్త్రపు పాఠ్యపుస్తకాల్లో ‘కాకినాడ ప్రయోగం’ అని ఒక పేరాలో ముగించదగినది కాదు. అయితే ఆ శిక్షణ అందరికీ ఒకేలా అక్కరకు రాలేదు. వ్యాపారంలో నిర్ణయం తీసుకునే అధికారం తన చేతిలో ఉన్నవాడికే అది ఎక్కువగా పనికొచ్చింది. సంకల్పం ఉండీ గల్లాపెట్టె తాళం లేనివాడు ఎక్కడివాడక్కడే ఉంటాడు.

ఆ లోపాన్ని పూరించే ప్రయత్నం గుజరాత్‌లో జరిగింది. 1960లో రాష్ట్రం ఏర్పడింది, 1962లో పారిశ్రామికవాడలు కట్టడానికి గుజరాత్ పారిశ్రామిక అభివృద్ధి సంస్థ (జీఐడీసీ) వచ్చింది. 1960ల చివర గుజరాత్ పారిశ్రామిక పెట్టుబడి సంస్థ, తాకట్టు పెట్టడానికి ఆస్తి లేని సాంకేతిక నిపుణులకు పూర్తి పెట్టుబడి అప్పుగా ఇచ్చే పథకం పెట్టింది. అప్పు తీసుకున్నవాళ్ళకు యంత్రం తెలుసు, వ్యాపారం తెలియదు. అందుకని 1970 నుంచి పారిశ్రామికవేత్తల శిక్షణ మొదలైంది. దాన్ని నడిపినవారిలో వి.జి. పటేల్ ముఖ్యుడు. ముందు మనిషిని పరీక్షించి ఎంచుకోవడం, సాధన కాంక్ష పెంచే పాఠాలు, తర్వాత ప్రాజెక్టు నివేదిక రాయించడం, చివరికి అప్పు, షెడ్డు ఇప్పించడం, ఇదీ వరస. కాకినాడ శిక్షణ లక్ష్యాన్ని కాగితం మీద పెట్టించడంతో ఆగింది. ఇక్కడ ఆ కాగితానికి అప్పు పుట్టింది. అహ్మదాబాద్ ఐఐఎంలో ఉదయ్ పారీక్, టి.వి. రావు ఈ శిక్షణ పద్ధతుల మీద కృషి చేశారు. 1983లో అహ్మదాబాద్ కేంద్రంగా భారత ఎంట్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ సంస్థ ఏర్పడింది.

పాండేసరా, సచిన్ జీఐడీసీ వాడలు, వాటి మధ్య ఉన్ లాంటి పాత పల్లెలు ఈ కాలంలోనే పవర్‌లూమ్‌ల చప్పుడుకు అలవాటు పడ్డాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల చేనేత కుటుంబాలు షోలాపూర్, భివండీలతోపాటు సూరత్‌కు వలస వెళ్ళాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ వలస ఎంతగా వేళ్ళూనుకుందో తెలుస్తుంది. సిరిసిల్ల వైపు పవర్‌లూమ్‌ను ‘సాంచె’ అంటారు. కూలికి సాంచాలు నడిపే మనిషికి సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకోవడమే లక్ష్యం. దానికి లెక్క కూడా అతని నోటి మీదే ఉంటుంది: మీటరు నేతకు ఎంత వస్తుంది, బీముకు నూలు ఎంత, కరెంటు బిల్లు ఎంత, షావుకారు పట్టుకునేది ఎంత.

ఇదే కాలంలో నగరాల్లో మరో ధోరణి బలపడింది. ఫ్రాన్స్‌లో ఎమీల్ కూయే 1920ల్లో ప్రచారం చేసిన స్వయంసూచన, అమెరికాలో నెపోలియన్ హిల్ 1937లో రాసిన ధనార్జన పుస్తకం తరగతుల రూపంలో ఇక్కడికి వచ్చాయి. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు, ఉపన్యాసాలు లక్షల మందికి చేరాయి. వీటి ప్రభావంతో ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. చిక్కల్లా, విన్నవాడు మంత్రాన్ని పట్టుకుని లెక్కను వదిలేసినప్పుడే. పరిశోధన కూడా ఈ తేడానే పట్టి చూపింది. నిర్దిష్టమైన, కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవాళ్ళు ‘చేతనైనంత చేస్తాం’ అనుకున్నవాళ్ళకంటే బాగా పనిచేస్తారని ఎడ్విన్ లాక్ 1968లో చూపించాడు. జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమ మీద తమకు గురి తక్కువగా ఉన్నవాళ్ళు తమను పొగుడుకునే వాక్యాలు పదేపదే అనుకుంటే వాళ్ళ మనసు మరింత కుంగింది.

చోప్డాలో సంకల్పాన్నీ లెక్కనూ కలిపి కట్టిన దారం కూడా చట్టాల మార్పుతో సడలింది. ఒకప్పుడు వర్తకుడు పన్నుకు దీపావళి నుంచి దీపావళికి లెక్క చూపుకోగలిగేవాడు. 1987 నాటి ప్రత్యక్ష పన్నుల సవరణతో, 1989-90 మదింపు సంవత్సరం నుంచి అందరికీ ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒకటే ఏడాది అయింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సూరత్ బట్టల వర్తకులు దుకాణాలు మూసి ఊరేగింపులు తీశారు, తర్వాత కంప్యూటర్ లెక్కలకు సర్దుకున్నారు. ఇప్పుడు దీపావళి పీట మీద ఎర్ర అట్ట చోప్డా పక్కన ల్యాప్‌టాప్ కూడా పెట్టి, దాని మీద కుంకుమతో స్వస్తిక్ వేస్తున్నారు. చోప్డాలో మొదటి పేజీ నిండుతుంది. మిగతా పేజీలు చాలాచోట్ల తెల్లగా ఉండిపోతాయి, లెక్క ఏప్రిల్‌లో మొదలై మరో చోట నడుస్తుంది.